మూడు నెలలు, మూడు జతల స్పీకర్లు, నాన్న పంచె

2024 జూన్ 8, శనివారం మధ్యాహ్నం. హైదరాబాదులో ఒక షోరూం సోఫాలో కూర్చుని ఫోన్లో బ్యాంకు యాప్ తెరిచాను. యాభై వేలు అడ్వాన్సు కట్టేస్తే పని అయిపోతుంది. అప్పుడే మా ఆవిడ ఫోను: "గ్యాసు బండ బుక్ చేశారా?" బయటికి వెళ్లి మాట్లాడి రావడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆ రెండు నిమిషాలే నన్ను కాపాడాయి.

లోపల రెండు జతల స్పీకర్లు పక్కపక్కన నిలబెట్టి ఉన్నాయి. కెఫ్ ఆర్7 మెటా ఒకటి, ఫోకల్ ఆరియా 936 ఒకటి. షోరూం కుర్రాడు ఒక మీట నొక్కుతూ దీన్నించి దానికి, దాన్నించి దీనికి మారుస్తున్నాడు. 936 రాగానే గది నిండిపోయేది. గొంతు ముందుకొచ్చేది, డోలు గుండెకి తగిలేది. కెఫ్‌కి మార్చగానే ఎవరో తలుపు వేసినట్టుండేది. ఇంక వినేదేముంది, ఇదే అనుకున్నాను.

ఫోను మాట్లాడి లోపలికొస్తుంటే అతను మళ్లీ మారుస్తూ కనిపించాడు. వాల్యూం మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు. అప్పుడు వెలిగింది. అక్కడే ఉన్న పుస్తకాలు తిరగేశాను. సెన్సిటివిటీ, అంటే ఒకే పవర్‌కి ఎంత గట్టిగా మోగుతుందో చెప్పే అంకె, కెఫ్‌కి 87 డెసిబెల్స్, ఫోకల్‌కి 92. వాల్యూం కదపకుండా మారిస్తే రెండోది ఐదు డెసిబెల్స్ గట్టిగా మోగుతుంది. అంత చప్పుడు మొదటిదాన్నించి రావాలంటే మూడు రెట్లకు పైగా పవర్ తోయాలి. మన చెవి 'గట్టిగా ఉంది' అని చెప్పదు, 'బాగుంది' అని చెబుతుంది. నేను పెట్టబోయిన యాభై వేలు ఆ ఐదు డెసిబెల్స్‌కి.

"రెండూ ఒకే చప్పుడులో వినిపిస్తావా బాబూ?" అన్నాను. పాపం అతను మోసం చేద్దామని కాదు, ఇంతకు ముందు ఎవరూ అడగలేదట. ఫోన్లో చప్పుడు కొలిచే యాప్ పెట్టి, కూర్చున్న చోట రెండూ ఒకే అంకె చూపించేలా సర్దుకున్నాం. అంతే, అంతవరకూ కొండకీ గుట్టకీ మధ్య ఉన్న తేడా అక్కాచెల్లెళ్ల పోలికలంత అయిపోయింది. తేడా లేదని కాదు, ఉంది. కానీ ఏది మేలో చెప్పలేకపోయాను. అడ్వాన్సు కట్టకుండా రాత్రి బండికి విజయవాడ వచ్చేశాను.

అసలు ఈ వ్యవహారంలోకి ఎందుకు దిగానంటే, 2009లో కొన్న చిన్న స్పీకర్లలో బేస్ మోగించే వూఫర్ల చుట్టూ ఉండే ఫోమ్ అంచు విజయవాడ ఉక్కకి పిండిలా రాలిపోయింది. పదిహేనేళ్ల పీపీఎఫ్ ఆ ఏప్రిల్‌లో చేతికొచ్చింది. అందులోంచి ఐదు లక్షలు నాది అని ఇంట్లో ఒప్పించాను. మా ఆవిడ రెండు షరతులు పెట్టింది: టీవీ కదలకూడదు, సోఫా కదలకూడదు. ఆ రెండో షరతు ఎంత ఖరీదైనదో అప్పటికి ఇద్దరికీ తెలియదు.

జూన్ 29న నాన్నని కూడా తీసుకుని పొద్దున్న శాతవాహనలో వెళ్లాను. ఆయనకి 74. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు గానీ ఊళ్లో ఆయన్ని మృదంగం మాస్టారనే పిలుస్తారు. పెన్‌డ్రైవ్‌లో నేను ఎనిమిది ముక్కలు వేసుకున్నాను: ఒక నాదస్వరం, ఒక వీణ, కొన్ని పాత సినిమా పాటలు. అన్నిటికంటే ముఖ్యం, 1987లో గుడి మండపంలో జరిగిన ఒక గాత్ర కచేరీ క్యాసెట్టు. అందులో మృదంగం నాన్నే. తన తొప్పి, అదే మృదంగం ఎడమ ముఖం, ఎలా మోగుతుందో ఆయన కంటే బాగా ఎవరికి తెలుసు?

ఈసారి వేరే షోరూం. అక్కడ బోవర్స్ అండ్ విల్కిన్స్ 703 ఎస్3 ఉంది. దానికి సన్నటి స్వరాలు మోగించే ట్వీటర్ పెట్టె లోపల ఉండదు, పైన విడిగా ఒక గొట్టంలో ఉంటుంది. నాన్న చుట్టూ తిరిగి చూసి, "తల మీద ఈ పిలకేంట్రా?" అన్నారు. కుర్రాడు నవ్వాపుకోలేక అవతలికి వెళ్లాడు. కానీ ఆ పిలక చేసే పని విన్నాక ఇద్దరం మాట్లాడలేదు. పాడేవాళ్లు పల్లవి ఎత్తుకునే ముందు తీసే ఊపిరి కూడా వినిపించింది. వీణ మీద వేలు జారే చప్పుడు, మండపంలో ఎవరో దగ్గడం, అన్నీ.

అన్నీ అంటే నిజంగా అన్నీ. టేపు బుస కూడా. ఇది ముందే తెలిసి ఉండాల్సింది. ఖరీదైన స్పీకరు పాత రికార్డింగుని అందంగా చెయ్యదు, అది ఎలా ఉందో అలాగే ముందు పెడుతుంది. నేను చిన్నప్పటినుంచీ విన్న మోనో పాటలు, ఎడమ కుడి తేడా లేకుండా రికార్డు చేసినవి, ఇంత డబ్బు పెట్టాక గది నిండా పరుచుకుంటాయని ఎక్కడో ఆశ ఉండేది. పరుచుకోవు. రెండు స్పీకర్ల నడుమ, గోడకి మేకు కొట్టినట్టు, ఒకే చోట నిలబడతాయి. మొదట నిరాశ పడ్డాను. తర్వాత, ఆ మేకు ఎంత బిగువుగా నిలబడుతుందన్నదే నాకు పరీక్ష అయిపోయింది. ఎడమ కుడి జత ఎంత సరిగ్గా కలిసిందో చెప్పడానికి మోనో పాటని మించింది లేదు.

703 మాకు కాలేదు. చెప్పిన ధర నా ఐదు లక్షలు బాగా దాటింది. దానికి తోడు ఇంట్లో నాలుగేళ్ల పాప. పిలక కనిపిస్తే పట్టుకోకుండా ఉండే వయసు కాదు.

షోరూంలో ఎంత విన్నా అది ఆ గది పాట. కిందంతా కార్పెట్టు, గోడలకి మందపాటి మెత్తలు. మా హాలు 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. టైల్స్ నేల, సిమెంటు గోడలు, ఒక పక్క నిండా గాజు కిటికీ. ఇంటికి పంపి వినిపిస్తారా అని అడిగితే మొదటి షోరూం వాళ్లు కుదరదన్నారు. ఫోన్లో నాలుగుచోట్ల కనుక్కున్నాను. ఒకచోట మాత్రం కెఫ్ డెమో జత ఐదు రోజులకి ఇస్తామన్నారు. డిపాజిట్ యాభై వేలు, రానూపోనూ బండి ఖర్చు 6,500. ఆ డిపాజిట్ తిరిగి రావడానికి పదహారు రోజులు పట్టింది, మూడు ఫోన్లు చెయ్యాల్సొచ్చింది.

936 సంగతి వేరేగా తేలింది. గుంటూరులో నా స్నేహితుడి దగ్గర ఆ జతే ఉంది. "వారాంతానికి తెస్తాలేరా, నాకూ చూడాలనే ఉంది" అన్నాడు. జులై 19 శుక్రవారం రాత్రి ఇన్నోవా వెనక సీట్లు మడిచి, 115 సెంటీమీటర్ల ఎత్తున్న వాటిని దుప్పట్లలో చుట్టి పడుకోబెట్టి తెచ్చాడు. ఒక్కోటి 29 కిలోలు. ఆ రాత్రే మా లిఫ్టు మొరాయించింది. మూడో అంతస్తు. వాచ్‌మన్, నేను, వాడు కలిసి మోశాం.

శనివారం పొద్దున్న నాలుగు స్పీకర్లూ టీవీ గోడకి వరసగా నిలబెట్టాం. కెఫ్ జత లోపలివైపు, ఫోకల్ జత బయటివైపు. నా యాంప్లిఫయరు వెనక ఎ, బి అని రెండు జతలకి చోటుంది. ఎ కెఫ్, బి ఫోకల్. మైకు, లాప్‌టాప్ స్నేహితుడివే. మైకు యూమిక్-1, దానికి ఉచితంగా దొరికే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే సాఫ్ట్‌వేరు. సోఫాలో తల ఉండే చోట మైకు పెట్టి కొలిస్తే రెంటికీ నాలుగు డెసిబెల్స్ తేడా. యాంప్లిఫయరులో ఒక్కో మెట్టు అర డెసిబెల్, అంటే ఎనిమిది మెట్లు. మా పెద్దాడు పన్నెండేళ్లవాడు, వాడికి రిమోట్ ఇచ్చి సోఫా వెనక కూర్చోబెట్టాం. ఎ నుంచి బి కి మారిస్తే ఎనిమిది తగ్గించాలి, బి నుంచి ఎ కి అయితే ఎనిమిది పెంచాలి.

కళ్లకి కనిపిస్తే తీర్పు పాడవుతుందని స్నేహితుడు పట్టుబట్టాడు. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే ఇద్దరు ఆడియో పరిశోధకులు ఇదే ప్రయోగం చేసి చూపించారట: ఏ స్పీకరు మోగుతోందో కనిపించినప్పుడు వేసిన మార్కులు వేరు, కనిపించనప్పుడు వేసినవి వేరు. తెర ఎలా? దుప్పటి అడ్డం పెడితే పై స్థాయిలు మింగేస్తుంది. చివరికి నాన్న పల్చటి నేత పంచెలు రెండు తెచ్చి బట్టల తాడు మీద ఆరేశాం. మా ఆవిడ కాఫీ తెచ్చి చూసి, "బారసాలకి ఉయ్యాల కట్టారా ఏంటి?" అంది.

మొదటి విడత గంటన్నర. నాన్న, నేను, స్నేహితుడు ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకున్నాం. ముగ్గురం ఒకే జతకి ఓటేశాం: కెఫ్. స్నేహితుడి మొహం చిన్నబోయింది, వాడివి కదా రెండోవి. అయినా పట్టు వదల్లేదు. "జతల చోట్లు మార్చి మళ్లీ విందాం" అన్నాడు. అన్నాలు తిన్నాక ఫోకల్ లోపలికి, కెఫ్ బయటికి మార్చాం. మెట్ల లెక్క మళ్లీ సరిచూసుకున్నాం. పంచెలు మళ్లీ అడ్డంగా ఆరేశాం. గంట విన్నాం. ముగ్గురం మళ్లీ ఒకే జతకి ఓటేశాం: ఫోకల్.

కాసేపు ఎవరం మాట్లాడలేదు. రెండుసార్లూ గెలిచింది లోపలి చోటు. బయటి చోటు గది మూలలకి దగ్గర, అక్కడ ఏది పెట్టినా బేస్ ఉబ్బుతోంది. నెలన్నరగా నేను పెట్టెల్ని పోలుస్తున్నాననుకుంటున్నాను. నా చెవి పోలుస్తున్నది పెట్టెకీ గది మూలకీ మధ్య దూరాన్ని.

ఆదివారం ఒక జత పూర్తిగా తీసేసి, రెండోదాన్ని ఒంటరిగా, ఒకే టేపు గుర్తుల మీద పెట్టి విన్నాం. అప్పుడు బయటపడింది అసలు దోషి. నాన్న తన టేపులో తొప్పి మీద వేసిన గుంకీలు, అంటే నాదం జారే దెబ్బలు, వింటూ చెయ్యెత్తి ఆపమన్నారు. "నేను గుంకీ జార్చి ఆపేశాను. ఇది ఆగట్లేదురా. గదిలో ఇంకెవరో పట్టుకుని లాగుతున్నారు." మైకు పెట్టి చూస్తే 47 హెర్ట్జ్ దగ్గర చుట్టుపక్కల కంటే 11 డెసిబెల్స్ ఎత్తున గుట్ట. స్నేహితుడు వేళ్ల మీద లెక్క కట్టాడు. 12 అడుగుల వెడల్పు గదిలో రెండు గోడల మధ్య కుదురుకునే మొదటి అల సరిగ్గా అక్కడికే వస్తుంది. స్పీకర్లు ఈ గోడకి, వినేవాళ్ల తల ఆ గోడకి ఆనించి ఉంటే అది పూర్తి బలంతో తగులుతుంది. మా సోఫా గోడకి అతుక్కునే ఉంటుంది. షరతు ప్రకారం.

రెండడుగులు ముందుకి లాగాం. ఏ స్పీకరూ మార్చలేదు, ఒక్క రూపాయి పెట్టలేదు, గుట్ట కొంత దిగింది. ఆ సాయంత్రం మా ఆవిడ పాప పాట ఒకటి పెట్టించుకుని విని, "వినేటప్పుడు మాత్రం లాక్కోండి, వినడం అయిపోయాక వెనక్కి నెట్టెయ్యండి" అంది. ఇంత పెద్ద సవరణ పార్లమెంటులో కూడా ఇంత తొందరగా పాస్ కాదు.

చివరికి కెఫ్ తీసుకోవాలని తేల్చుకోవడానికి కారణాలు చిన్నవే. దానితోపాటు డబ్బాలో నురుగు బిరడాలు వస్తాయి, వెనక గాలి ఆడే పోర్టు రంధ్రంలో పెట్టి బేస్ తగ్గించుకోవడానికి. అవి రెండు ముక్కలుగా ఉంటాయి. వలయం మాత్రం పెడితే సగం మూసినట్టు, నడిమి ముక్క కూడా పెడితే పూర్తిగా. మా గదికి వలయం సరిపోయింది. రెండోది, దాని ట్వీటరు మధ్య స్థాయి కోను నడిబొడ్డునే ఉంటుంది కాబట్టి నేల మీద కూర్చుని విన్నా, సోఫాలో విన్నా, నిలబడి విన్నా గొంతు పెద్దగా మారలేదు. మా ఇంట్లో అందరూ సోఫాలో కూర్చోరు. మూడు వూఫర్ల 936 స్నేహితుడి ఇంట్లో వరండాలోకి తెరుచుకునే పెద్ద హాల్లో ఎంత హాయిగా మోగుతుందో అంతకు ముందే విన్నాను, ఆ హాలు నాకుంటే అదే కొనేవాణ్ని. పోతే, కెఫ్‌తో నా యాంప్లిఫయరు బాగా వేడెక్కుతోంది. నాలుగు ఓమ్‌ల లోడు మరి, కరెంటు ఎక్కువ లాగుతుంది. దాని మీద సర్దే స్టీలు డబ్బాలు తీసేయించాల్సొచ్చింది.

జులై 27న ఆర్డరిచ్చాను. బేరమాడాక 4,85,000. సగం ముందు, సగం బండి ఎక్కించే రోజు. షోరూం ఆయన 45 వేల కేబులు కూడా తీసుకోమన్నాడు. ఇంట్లో ఉన్న వైరుతో, దానితో, రెండిటితోనూ వినిపించమన్నాను. నా చెవికి తేడా తెలియలేదు. నాన్న, "ఇది వినడానికా, చూడ్డానికా?" అన్నారు. 3,200 పెట్టి దళసరి రాగి వైరు కొన్నాను.

నాలుగు వారాలన్నారు, ఐదయింది. ఆగస్టు 31 శనివారం ఫోను: "రేపు పొద్దున్నే బండి ఎక్కిస్తున్నాం సార్." మిగతా సగం డబ్బు పంపేశాను. ఆ రోజంతా ఇక్కడ ఆకాశం చిల్లుపడ్డట్టు కురుస్తూనే ఉంది.

తెల్లారేసరికి బుడమేరు వాగు పొంగి ఊళ్లో సింగ్ నగర్ మీద పడింది. హైవే ఐతవరం దగ్గర మునిగింది, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మా వీధిలోకి నీళ్లు రాలేదు, కరెంటు మాత్రం పోయింది. మొదటి రోజు నా బుర్రలో తిరిగింది ఆ బండి ఎక్కడుందోనన్నదే. చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది గానీ అదే నిజం. సెప్టెంబరు 3న నాన్న స్నేహితుడు వయొలిన్ మాస్టారు, వాళ్లావిడ పడవలో బయటపడి మా ఇంటికి వచ్చారు. వయొలిన్ అటక మీద ఉండి బతికింది. తంబురా, ముప్పయ్యేళ్ల నొటేషన్ పుస్తకాలు పోయాయి. సోఫా గోడ నుంచి జరిపి హాల్లో పరుపులు వేశాం. స్పీకర్ల ఊసు ఎవరూ ఎత్తలేదు. ఆరో తారీఖున షోరూం ఆయనే ఫోన్ చేసి, బండి ఎక్కించలేదని, పెట్టెలు పొడిగానే ఉన్నాయని చెప్పి, "మీరెలా ఉన్నారు సార్?" అన్నాడు. నిదానంగా పంపమన్నాను.

సెప్టెంబరు 14, శనివారం వచ్చాయి. ఇద్దరు హమాలీలు 1,200 అడిగారు. ఒక అట్టపెట్టె మూల నలిగింది. డ్రైవరు సంతకం పెట్టమని తొందర పెట్టాడు. పెట్టలేదు, ముందు విప్పి చూస్తానన్నాను. విప్పడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి ఫోన్లో వీడియో తీశాను. లోపలి థర్మోకోల్ పగిలింది గానీ పెట్టెకి గీత పడలేదు. అడుగున బిగించే కాలు ఒకటి వంగింది, వేరేది పన్నెండు రోజులకి కొరియర్‌లో వచ్చింది. ఖరీదైన వస్తువు తెప్పించుకునేవాళ్లు ఎవరైనా సరే, విప్పకుండా సంతకం పెట్టకండి.

ఆ కాళ్లకి మొనదేలిన మేకులుంటాయి. టైల్స్ మీద అవి గీతలు పెడతాయి, జారతాయి కూడా. ఒక్కోదాని కింద ఐదు రూపాయల బిళ్ల పెట్టాను. మొత్తం నలభై రూపాయలు, నా ఖర్చంతటిలో అత్యంత లాభసాటి పెట్టుబడి. కార్పెట్టుకి 9,000, కిటికీకి మందపాటి కర్టెన్లు 14,000. తడిగుడ్డ పెట్టే పనమ్మాయి ప్రతి రోజూ స్పీకర్లని వాటి చోటు నుంచి నాలుగంగుళాలు జరిపేది. నేల మీద రంగు టేపుతో గళ్లు గీసి, "ముగ్గు అనుకో అమ్మా, దాటించకు" అని చెప్పాను. ఇంకో సంగతి ఏ పుస్తకంలోనూ లేదు. రెండో వారంలో ఒక బల్లి పోర్టు రంధ్రంలోకి దూరబోతూ కనిపించింది. వలయం తీసి ఉన్న రోజు అది. ఇప్పుడు వినని వేళల్లో బిరడా పూర్తిగా బిగించి ఉంటుంది.

14 సాయంత్రం మొదటగా నాన్న టేపే పెట్టాను. వయొలిన్ మాస్టారు గోడకి ఆనుకుని నేల మీద కూర్చున్నారు. ఆ 1987 కచేరీలో వయొలిన్ ఆయనే. రెండు నిమిషాలు విని మొహం చిట్లించారు.

"ఏమండీ, బాలేదా?" అన్నాను, గుండె గొంతులోకొచ్చి.

"బానే ఉంది నాయనా. శ్రుతే బాలేదు. ఆ రోజు ఒకటి శ్రుతిలో పాడారు. ఇది ఒకటిన్నర. నా వయొలిన్ నేను ఎరగనా?"

నాన్న ఆయన వైపు తిరిగారు. "నాకెప్పుడూ ఏదో పరిగెడుతున్నట్టే ఉండేదయ్యా. వయసులో ఉన్నాం కదా, అలాగే వాయించామేమో అనుకునేవాణ్ని."

క్యాసెట్టు నుంచి కంప్యూటర్లోకి ఎక్కించిన రోజున ఆ టేప్‌రికార్డరు వేగంగా తిరిగింది, దాంతో శ్రుతీ పైకెక్కింది. మూడు నెలలు, రెండు షోరూంలు, రెండు పంచెలు, ఒక మైకు; ఆ ఒక్క మాట ఎవరికీ పట్టలేదు. లాప్‌టాప్ తెచ్చి ఆరు శాతం నెమ్మది చేసి మళ్లీ పెట్టాను. మాస్టారు కళ్లు మూసుకున్నారు. నాన్న వేళ్లు మోకాలి మీద తాళం వేస్తూ, మృదంగం ఒంటరిగా మోగే తని ఆవర్తనం దగ్గర ఆగిపోయి, వింటూ ఉండిపోయాయి. అయ్యాక మళ్లీ మొదటినుంచి పెట్టమన్నారు.

"కాస్త వాల్యూం తగ్గించి పెట్టరా" అన్నారు.